తెలుగు పేజీకి మైదా బంక

మైదా బంక వాసన ఒకప్పుడు నాకు ఇష్టం. చిన్నతనంలో ఉదయగిరిలో గోడలకు సినిమా కాగితాలు అంటించేవాడి వెంట ఆ వాసన కోసమే తిరిగాను. ఇప్పుడు ఎక్కడ సోకినా ముక్కు మూసుకుని పక్క వీధిలోంచి పోతాను. ఎందుకో చెబుతాను. కొంచెం కోపంగానే చెబుతాను, ఓర్చుకోండి.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దారిలో బస్సు ఆగే ఒక ఊరు మాది. ఆ బస్సు ఆగే చోటనే నా కుట్టుమిషను. దర్జీని. ఈ చుట్టుపక్కల బడిపిల్లల నిక్కర్లు, గౌన్లు మూడు తరాలుగా నేనే కుట్టాను. పిల్లల చదువు ఎట్లా సాగుతోందో మాస్టర్ల కంటే ముందు నాకు తెలుస్తుంది. సాయంత్రం బస్సు వచ్చేదాకా వాళ్లు కూర్చునేది నా అంగడి అరుగు మీదే.

మా ఎదురింట్లో ఒక ఆటో డ్రైవరు ఉంటాడు. సాయిబుల ఇల్లు. నన్ను మామా అంటాడు. ఓ సాయంత్రం బడిలో తల్లిదండ్రుల మీటింగు ముగించుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"మామా, పాత పేపర్లుంటే కాసిని ఇయ్యి."

"ఎందుకురా అబ్బయా, ఆటో అద్దాలు తుడిచేదానికా?"

"కాదు మామా. మా పాప పుస్తకాల్లో తెలుగు పేజీలు మూసెయ్యాల. హెడ్‌మాస్టరు చెప్పినాడు. ఆ పక్క పేజీ చూసుకుంటా ఉంటే ఇంగ్లీషు జన్మకు రాదంట. పేపరు కత్తిరించి మైదా బంక పెట్టి అంటించి, సోమారానికి పుస్తకాలన్నీ చూపించాలంట."

మొదట నేను నమ్మలేదు. ఇప్పటి బడి పుస్తకం మీరు చూసే ఉంటారు. తెరిస్తే ఒక పక్క పాఠం ఇంగ్లీషులో, రెండో పక్క అదే పాఠం తెలుగులో. తెలుగులో చదువుతూ వచ్చిన పిల్లలను ఉన్నట్టుండి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు తూలిపడకుండా ఉండాలని ఎవరో బుర్ర ఉన్నవాళ్లు చేసిన పని అది. నడక నేర్చే బిడ్డ గోడ పట్టుకుంటుంది. ఎవరూ ఆ గోడ పడగొట్టి, ఇప్పుడు నడువు అనరు. మా హెడ్‌మాస్టరు అన్నాడు.

"కంచంలో అన్నం పెట్టి పైన పేపరు కప్పి, వాసన చూసి కడుపు నింపుకోమంటే నింపుకుంటావురా?" అన్నాను.

"నాకేం తెలుసు మామా. చదువుకున్నోళ్లు చెప్పినారు."

"నా అంగట్లో పేపరు ముక్క ఇయ్యను పో."

నేను ఇవ్వకపోతే లోకం ఆగుతుందా? టీ బంకులో దొరికాయి. ఆ రాత్రి మా వీధిలో ప్రతి పొయ్యి మీదా మైదా బంక ఉడికింది. తల్లులు కలిపారు, తండ్రులు పూశారు. పాపం, ఎంత శ్రద్ధగా పూశారో! పిల్లల చదువు కోసం వాళ్లకు చేతనైన పని మొదటిసారి ఎవరో చెప్పారు మరి. మా డ్రైవరైతే ఆటోకు స్టిక్కర్లు వేసే నేర్పంతా చూపించాడు. ఒక్క బుడగ లేదు, ఒక్క మడత లేదు. తీరా చూస్తే అంటించినది ఏమిటి? తెలుగు పేపరే. తెలుగు పాఠం కనపడకూడదని తెలుగు పేపరు అంటించారు! పాఠం ఉన్న చోట బంగారం ధర, సంతాప ప్రకటనలు, మోకాళ్ల నొప్పుల మందు. పిల్లలు అవి చదువుకున్నారు.

ఇదంతా మొదలైంది టైతో. జూన్‌లో బడి తెరవగానే, మీడియం మారుతోంది కాబట్టి పిల్లలకు టై ఉండాలన్నాడు హెడ్‌మాస్టరు. ఎలాస్టిక్ టైలు నా చేతనే కుట్టించారు. మా పడమటి మెట్ట ఎండలో మెడకు నైలాను కట్టుకుని పిల్లలు చెమటలు కక్కుతుంటే, ఇంగ్లీషు వచ్చేసిందని ఊరంతా మురిసింది. మాస్టర్లు వాళ్లే. నిన్నటిదాకా తెలుగులో చెప్పిన నోళ్లు అవే. టై మాత్రమే కొత్తది.

ఇక ఆ డ్రైవరు కూతురి సంగతి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఎనిమిదో తరగతి దాకా బడిలోనూ తెలుగే. తొమ్మిదికి వచ్చేసరికి ఇంగ్లీషు. అంత వాగుడుకాయ మా వీధిలో మరొకటి లేదు. మాటకు ముందు ప్రశ్న. గొర్రె ఎందుకు నెమరేస్తుంది, మిషను తైలం ఎందుకు జారుతుంది, ఉదయగిరి కొండ మీద మబ్బు ఆగి మన ఊళ్లో ఎందుకు ఆగదు. దానికి జవాబు చెప్పలేక ఎన్నోసార్లు కుట్టు తప్పాను. ఓసారి వాళ్ల నాయన ఆటోలో సోమశిల డ్యాము చూసి వచ్చింది. దిగీదిగగానే నా దగ్గరికి పరిగెత్తింది.

"తాతా, సూది ఇంత చిన్నది గదా, నీళ్లలో ఏస్తే మునుగుతుంది. డ్యాములో ఇనప పడవ అంత పెద్దది. అది మునగదే?"

నాకు తెలియదు. "పై తరగతికి పో, అక్కడ చెప్తారు" అన్నాను. నమ్మింది. నేనూ నమ్మే చెప్పాను.

ఆ పిల్ల తొమ్మిదిలో చేరాక మాట పడిపోయింది. బడి వదలగానే వచ్చి అరుగు మీద కూర్చుని, నేల చూస్తూ పెదాలు కదిలించేది. ప్రశ్న లేదు. బడిలోనూ అంతేనట. ఇంగ్లీషులో అడగమంటారు, అడగడం రాదు, కాబట్టి అడగదు. అడగని పిల్లను బుద్ధిమంతురాలని మెచ్చుకుంటున్నారు కూడా!

దాని నాయన అప్పటికే గీత గీసేశాడు. క్వార్టర్లీ పరీక్షల్లో అన్నీ పాసయితే చదువు, ఒక్కటి తప్పినా ఆత్మకూరులో తన చెల్లెలి గాజులంగట్లో కూర్చోవాలి. అదేమీ దుర్మార్గంతో అన్న మాట కాదు. పెద్ద కొడుకు తొమ్మిదిలో తప్పి, ఏ పనీ అంటక రెండేళ్లు తిరిగాడు. ఆడపిల్ల అట్లా కాకూడదని అతని భయం.

ఓ సాయంత్రం ఆ పిల్ల పెదాల మధ్య ఏముందో గట్టిగా చెప్పమన్నాను. కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

"వెన్ ఏ బాడీ ఈజ్ ఇమ్మర్స్‌డ్ ఇన్ ఏ లిక్విడ్, ఇట్ డిస్‌ప్లేసెస్..."

"ఆగు పాపా. బాడీ అంటే ఏంది?"

"అయ్యో తాతా! మధ్యలో ఆపబాకు. మళ్లీ మొదట్నుంచీ రావాల."

"అర్థం చెప్పుమే."

"అర్థం పరీక్షలో అడగరు తాతా. ఆపకుండా చెప్తే చాలు."

దాని పుస్తకం చూశాను. ఇంగ్లీషు మాటలన్నిటి పైనా పెన్సిలుతో తెలుగు అక్షరాల్లో రాసుకుని ఉంది. తరగతిలో అందరూ అట్లాగేనట. అంటే ఇంగ్లీషూ చదవడం లేదు, తెలుగూ చదవడం లేదు. రెండూ కాని శబ్దం ఒకటి మింగుతున్నారు, పరీక్ష రోజు కక్కుతారు. దీనికి ఇంగ్లీషు మీడియం అని పేరు. నాకు అసహ్యం వేసింది. పిల్ల మీద కాదు.

ఈ ముసలివాడికి ఇంగ్లీషు గురించి ఏం తెలుసని మీరు అడగవచ్చు. నేను ఐదు చదివాను. ఆరుకు పోదామంటే మా ఊళ్లో ఆరు లేదు. ఉదయగిరిలో కొండ కింద ఒక సాయిబు దగ్గర కుట్టుపనికి చేరాను. ఆయన దగ్గర ఒక పాత విదేశీ మిషను, దానితోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఉండేవి. ఆ మిషనులో ప్రతి మరా, ప్రతి పన్నూ నా వేళ్లకు తెలుసు. పుస్తకంలో బొమ్మ చూసి, పక్కన ఉన్న ఇంగ్లీషు మాట కూడబలుక్కునేవాణ్ని. దారం ఎటు నుంచి ఎటు పోతుందో ముందే తెలుసు కాబట్టి, ఆ పేరా ఏం చెబుతోందో దానంతట అదే విచ్చుకునేది. ఆ తర్వాత పాత డిక్షనరీ, బస్సుల్లో ఎవరో వదిలేసిన ఇంగ్లీషు పేపర్లు. అట్లా వచ్చిందే నాకు వచ్చింది. నేను ఇంగ్లీషు పలికితే కుక్కలు మొరుగుతాయి, ఒప్పుకుంటాను. కానీ చదివితే అర్థమవుతుంది. వస్తువు ముందు చేతికి తగలాలి, పేరు తర్వాత ఏ భాషలో వచ్చినా నిలుస్తుంది. ఇదేమీ నేను కనిపెట్టిన సంగతి కాదు. బిడ్డకు అన్నం పెట్టే ప్రతి తల్లికీ తెలుసు.

ఆ పాఠం నేనే చెబుదామని కూర్చున్నాను. నా ఉచ్చారణకు అరుగు మీది పిల్లలంతా పొట్టలు పట్టుకున్నారు. "తాతా, అది లిక్కువిడ్డు కాదు!" అని ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వినందుకు సంతోషమే కానీ, పాఠం నడవలేదు. ఇంగ్లీషు పేజీలో ఒక వాక్యం దగ్గర నేనే ఇరుక్కున్నాను. పక్క పేజీ చూస్తే తేలిపోతుంది. చూద్దామంటే దాని మీద మోకాళ్ల నొప్పుల మందు.

గోరుతో మూల గీరాను. పేపరుతోపాటు పాఠం కూడా పొరగా లేచింది. అప్పుడు నా బల్ల మీదున్న ఇస్త్రీపెట్టె కనిపించింది. కాలరు లోపల అట్ట తప్పుగా అతికినప్పుడు మేము ఏం చేస్తాం? తడిగుడ్డ పరిచి, పెట్టె వేడి తగ్గించి ఆనిస్తే ఆవిరికి జిగురు వదులుతుంది. బొగ్గులు రాజేశాను.

"తాతా, మా అబ్బా చంపేస్తాడు" అంది పిల్ల.

"నన్ను చంపమను."

తడిగుడ్డ వేశాను, పెట్టె ఆనించాను, మూల పట్టి మెల్లగా లాగాను. మైదా వాసన గుప్పుమంది. పేపరు జారి వచ్చింది. పేపరు మీది అచ్చు అక్కడక్కడా తిరగబడి పాఠం మీద దిగింది. అయినా చదవవచ్చు. పిల్ల తల వంచి చదివింది. మెల్లగా, వేలు పెట్టుకుని, తెలుగులో. వస్తువును నీళ్లలో వేస్తే అది కొంత నీటిని తొలగిస్తుందట. తొలగిన నీటి బరువు వస్తువు బరువుకు సరిపోతే అది తేలుతుందట.

ఆగిపోయింది. నా వైపు చూసింది.

"తాతా! ఇది పడవ!"

"ఏ పడవ?"

"సోమశిల పడవ! లోపల గుల్లగా ఉండాది గదా, అందుకని శానా నీళ్లు పక్కకు నెడతాది. సూది నెట్టలేదు. ఇదేనా డిస్‌ప్లేసెస్ అంటే? ఇన్నాళ్లూ నేను చెప్తా ఉండింది ఇదేనా?"

గిన్నెలో నీళ్లు తెచ్చుకుంది. సూది వేసింది, మునిగింది. బొత్తాల డబ్బా రేకు మూత వేసింది, తేలింది. ఆ తర్వాత అది ఇంగ్లీషు పేజీ తిప్పి చదువుతుంటే మధ్యలో నాలుగుసార్లు ఆపాను. ఒక్కసారి కూడా మొదటికి పోలేదు. ఆగిన చోట నుంచే అందుకుంది.

డ్యాము నీళ్లు తొలగించిన మనుషుల సంగతి కూడా దానికి చెబుదామనుకున్నాను. మా మేనత్త ఊరు ఆ నీళ్ల కిందే ఉంది. సరే, అది ఇంకో పాఠం.

అట్లా సైన్సు పుస్తకంలో కొన్ని పాఠాలు విప్పాం. సోషలు పుస్తకం విప్పబోయే రోజున దాని నాయన రానే వచ్చాడు, చేతిలో సైన్సు పుస్తకం పట్టుకుని.

"మామా, నేనంత బాగా అంటిస్తే పీకినావే!"

"పనితనం బాగుండాదిరా. అందుకే నా బొగ్గులన్నీ అయిపోయినాయి."

"ఎగతాళి చేయబాకు. రేపు పిల్ల తప్పితే ఎవురిది పూచీ?"

"బంక పెట్టమన్నోడిది."

"నీకేంది, మాటలు చెప్తావు. ఇంగ్లీషు వచ్చినోడు ఆటో ఎక్కుతాడు మామా, రానోడు ఆటో తోల్తాడు. నేను చూస్తా ఉండాగా రోజూ."

 అతను సోషలు పుస్తకం తీసుకుని ఇంటికి పోయాడు. నా కోపమంతా ఆ పూట ఒక లాగు మీద పడింది. నాడా పట్టీ రెండుసార్లు తిరగేసి కుట్టాను.

పరీక్షలయ్యాయి. విప్పిన సైన్సులో పిల్ల బొటాబొటిగా గట్టెక్కింది. సొంత మాటలు వంకర ఇంగ్లీషులో రాసినందుకు మార్కులు కోశారు. కళ్లు మూసుకుని కక్కిన వాళ్లకు దండిగా వచ్చాయి. మూసిన సోషలులో తప్పింది. మధ్యలో ఒక మాట మరిచిపోయిందట. మొదటికి పోయి రాసేలోగా గంట కొట్టారు.

డ్రైవరు మాట మీద నిలబడ్డాడు. వచ్చే శనివారం ఆత్మకూరు కిరాయి ఉంది, అప్పుడు దించేసి వస్తానన్నాడు. ఆ కిరాయి ఎవరిదనుకున్నారు? హెడ్‌మాస్టరుదే. మీడియం మారిన పిల్లలకు ఎట్లా తోడ్పడాలో చెప్పడానికి ఆత్మకూరులో మాస్టర్లందరికీ శిక్షణ పెట్టారు. ప్రతి బడి నుంచీ ఒక పిల్లనో పిల్లవాడినో తెచ్చి ఇంగ్లీషులో మాట్లాడించాలట. మా హెడ్‌మాస్టరు ఈ పిల్లనే ఏరుకున్నాడు. శనివారం పొద్దున బట్టల సంచితో ఆటో దగ్గర నిలబడిన పిల్లను ఆయన ఎక్కమనగానే, డ్రైవరు ఉన్న సంగతి చెప్పాడు.

"సార్, మా పాప సోమారం నుంచీ బడికి రాదు."

"సోమవారం మాట సోమవారం చూద్దాం. ఈరోజుకు వస్తే చాలు. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్ల, తెలుగు మీడియం నుంచి వచ్చింది, ఆపకుండా ఇంగ్లీషు మాట్లాడుతోందంటే మన స్కూలుకు ఎంత పేరో తెలుసా? ఏమ్మా, టై ఏది? టై కట్టుకో."

లైనింగు గుడ్డా దారాలూ కొనాలని నేనూ ఆ ఆటోలోనే ఎక్కాను. అందువల్ల ఈ మాటలు నా చెవులతో విన్నాను. చదువు మానేస్తున్న పిల్లను చదువుకు సాక్ష్యంగా తీసుకుపోతున్నాడు ఆయన. దారి పొడుగునా ఫోను చూసుకున్నాడు. పిల్ల సంచిని ఒళ్లో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. నేను ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాను. మాట్లాడితే తిట్టేవాణ్ని.

ఆత్మకూరులో నా కొనుగోలు తొందరగా ముగించి ఆ హాలుకు పోయాను. కిటికీ పక్కన వరండాలో డ్రైవరు నిలబడి ఉన్నాడు. నేనూ పక్కన చేరాను. లోపల శిక్షణ ఇచ్చే ఆయన ఇంగ్లీషులో ధారాళంగా చెబుతున్నాడు. ఆ పలుకు నాకు అందలేదు. కానీ తెర మీద అక్షరాలు పడుతున్నాయి, అవి చదివాను. చదివి నా కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. పిల్లలను మొదట తమకు వచ్చిన భాషలో పాఠం చదవనివ్వండి, ప్రశ్నలు ఆ భాషలోనే అడగనివ్వండి, ఆ ఆసరాను మెల్లగా, పిల్లను బట్టి తగ్గించండి. అదీ అక్కడ ఉంది! మొన్నటి శిక్షణలో కూడా ఇదే చెప్పామన్నట్టు కింద రాసి ఉంది. ఎదురుగా మా హెడ్‌మాస్టరు తల ఊపుతున్నాడు.

చివరికి శిక్షణ ఇచ్చే ఆయన చేతులు కట్టుకుని, "ఎనీ డౌట్స్?" అన్నాడు.

 అంతమంది పంతుళ్లలో ఒక్కరికీ డౌటు లేదు. అందరూ నేల చూశారు. ఆ చూపు నేనెరుగుదును. నా అరుగు మీద రోజూ చూస్తున్నాను. ఇంగ్లీషులో అడగాలి కాబట్టి అడగరు. టీ ఇవ్వగానే మాత్రం ఇదే హాలు తెలుగులో సంతలా హోరెత్తింది. తమకు జరుగుతున్నదే పిల్లలకూ జరుగుతోందని వీళ్లలో ఒక్కరికీ తట్టలేదా? తట్టినా నోరు విప్పలేదా? రెంటిలో ఏది ఎక్కువ రోతో నేను తేల్చుకోలేకపోయాను.

టీ అయ్యాక పిల్లల వంతు. మా పిల్ల ఎక్కింది, టైతో. నీళ్లలో తేలే వస్తువుల పాఠమే చెప్పింది. ఆపకుండా చెప్పింది, పడవ సంగతి కలిపి చెప్పింది. చప్పట్లు కొట్టారు. హెడ్‌మాస్టరు అటూ ఇటూ చూసుకుని తానే పడవ నడిపినట్టు నవ్వాడు. శిక్షణ ఇచ్చే ఆయన సంతోషపడి, ఇందాక మాస్టర్లను అడిగినట్టే అడిగాడు. "ఎనీ డౌట్స్, మా?"

"ఒక డౌటు ఉండాది సార్. తెలుగులో అడగొచ్చా?"

పక్కన డ్రైవరు నా చెయ్యి పట్టుకున్నాడు. హెడ్‌మాస్టరు కుర్చీలోంచి సగం లేచాడు.

"అడుగమ్మా" అన్నాడు శిక్షణ ఇచ్చే ఆయన, చక్కటి తెలుగులో.

పిల్ల చేతిలోని పుస్తకం ఎత్తి పట్టింది. "ఈ పాఠం నాకు ఈ పక్క పేజీ చదివినాకనే తెలిసినాది సార్. మిగతా పాఠాల్లో ఈ పేజీలకు పేపర్లు అంటించినారు. సోషలులో అన్నిటికీ అంటించినారు. నేను సోషలు తప్పినాను. మూసేసేదానికయితే ఈ పేజీలు అచ్చు వేసింది ఎందుకు సార్?"

ఆయన పుస్తకం అందుకుని తిప్పాడు. బంగారం ధర, సంతాపం, సంతాపం, గేదెల దాణా. "ఇదేంటండీ?" అన్నాడు.

హెడ్‌మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "లాస్ట్ టైం మీరే కదా సార్, తెలుగు సపోర్టు తీసేయమన్నారు..."

"మెల్లగా తగ్గించమన్నాను. బంక పెట్టమని ఎప్పుడు చెప్పాను? అర్థం కాకపోతే అప్పుడే అడగవచ్చు కదండీ."

ఎట్లా అడుగుతాడు? అప్పుడు ఇంగ్లీషులో కదా అడగాల్సింది. హెడ్‌మాస్టరు అడగకపోయినందుకు ఒక తరగతి పిల్లలు నెలల తరబడి చీకట్లో పాఠం తడుముకున్నారు, ఈ పిల్ల సంచి సర్దుకుంది. దీనికి ఎవరినైనా ఏమైనా అన్నారా అంటే లేదు. పుస్తకం తిరిగి ఇచ్చారు, తరువాతి బడిని పిలిచారు, బిస్కట్లు పంచారు.

తిరిగి వచ్చేటప్పుడు హెడ్‌మాస్టరు మా ఆటో ఎక్కలేదు, ఎవరి కారులోనో పోయాడు. డ్రైవరు ఆటోను గాజుల వీధిలోకి తిప్పాడు. వాళ్ల చెల్లెలు అంగడి ముందే ఎదురుచూస్తోంది. పిల్ల సంచి భుజానికి తగిలించుకుంది. ఆటో ఆగలేదు. వేగం కొంచెం తగ్గింది, అంతే.

"యాడికి భాయ్? దించవా?" అని ఆమె అరిచింది.

"ఈ పొద్దు గిరాకీ ఎక్కువుండాదమ్మా! మళ్లొస్తా!" అని తల బయట పెట్టి అరిచాడు డ్రైవరు. ఆటోలో గిరాకీ ఏదీ? పిల్ల కాక నేనూ నా దారాల పొట్లం తప్ప ఎవరూ లేరు.  ఊరు దాటాక అతనే అన్నాడు, అద్దంలో కూతురి వంక చూస్తూ, "సోషలు పుస్తకం యాడ పెట్టినావ్ పాపా?"

ఇక్కడితో అయిపోతే బాగుండేది. సోమవారం బడిలో హెడ్‌మాస్టరు కొత్త ఆజ్ఞ ఇచ్చాడు. తెలుగు పేజీలు వెంటనే తెరవాలి, ఇది మన స్కూలు కొత్త పద్ధతి, బుధవారానికి పుస్తకాలన్నీ చూపించాలి. అదే గొంతు, అదే ముఖం. తప్పయిందన్న మాట లేదు. తల్లిదండ్రులు మళ్లీ అంతే శ్రద్ధగా కూర్చున్నారు. గోళ్లతో గీరారు, కత్తులతో గోకారు, ఒకాయన బకెట్లో నానబెట్టాడు. ఎన్ని పాఠాలు చిరిగాయో! పేపరు పోయిన చోట పాఠమూ పోయి తెల్లటి మచ్చ. ఒక పిల్లవాడి పుస్తకంలో ఒక పాఠమంతా పోయి గేదెల దాణా ఒక్కటే మిగిలింది.

ఆ మంగళవారం మిగిలిన పుస్తకాలన్నీ నా అరుగెక్కాయి. బడి బీరువాలో ఉండే పుస్తకాలు కూడా ఒక పిల్లవాడి చేత పంపి, "పెద్దాయనా, వీటి సంగతి కూడా చూడు" అని కబురు పెట్టాడు హెడ్‌మాస్టరు. విసిరి కొడదామనుకున్నాను. కానీ అవి చదవబోయేది ఆయన కాదు కదా. కుట్టు పక్కన పెట్టి బొగ్గులు రాజేశాను. డ్రైవరు ఆటో ఆపేసి వచ్చి విసనకర్ర పట్టుకున్నాడు. తన చేత్తో బుడగ లేకుండా అంటించిన సోషలు పుస్తకాన్నే ముందు పెట్టమన్నాడు. నేను పెట్టె ఆనిస్తుంటే అతను మూల పట్టి, ఊపిరి బిగబట్టి లాగాడు. మైదా బంక ఆవిరి మా ఇద్దరి ముఖాలకూ కొట్టింది. నేను ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాను.

పిల్ల మా ఇద్దరి మధ్య కూర్చుని తడిగుడ్డలు పిండి ఇస్తోంది.

"తాతా, ఆరినప్పుడు అంత గట్టిగా పట్టుకుంటాది గదా బంక. ఆవిరి తగిల్తే ఎందుకు వదుల్తాది?"

నాకు తెలియదు. డెబ్బై ఏళ్లు దాటాయి, వేల కాలర్లు విప్పాను, ఎందుకో తెలియదు. ఈసారి పై తరగతికి పొమ్మని చెప్పడానికి నోరు రాలేదు.

"రేపు బడిలో అడుగు" అన్నాను. "తెలుగులోనే అడుగు."

అడిగిందట. సైన్సు టీచరమ్మ కాసేపు ఆలోచించి, తనకు తెలియదనీ, చదివి గురువారం చెబుతాననీ అన్నదట. తెలియదని ఆ బడిలో ఒకరు పైకి చెప్పడం అదే మొదలు. హెడ్‌మాస్టరు మాత్రం వచ్చే నెల నుంచి టైలతోపాటు బెల్టులు కూడా కావాలని కబురు పంపాడు. నేను కుట్టనని చెప్పి పంపించాను.